గువా షా పలకా, జేడ్ రోలరా: ముఖానికి ఏది మేలు?

చైనా సంప్రదాయం నుంచి వచ్చిన ముఖమర్దన సాధనాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి రెండు: అంచులు నున్నగా అరగదీసిన గువా షా పలక, పిడి చివర జేడ్ అనే విలువైన రాతి గుండు తిరిగే జేడ్ రోలర్. రెండింటినీ ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు గాని, వాటి పుట్టుకలు వేరు, పనితీరూ వేరు.

చైనా భాషలో ‘గువా’ అంటే గీరడం. ‘షా’ అంటే ఆ గీరుడుకు చర్మంపై తేలే ఎర్రని కందు. అక్కడి వైద్యులు వీపుకు, మెడకు నూనె రాసి గేదె కొమ్ముతోనో, పింగాణీ చెంచాతోనో, నాణెంతోనో గీరేవారు; ఆ చికిత్సలో కందు తేలడమే కోరుకున్న ఫలితం. ముఖానికి చేసేది దాని మెత్తని రూపం కాబట్టి ఇక్కడ కందు తేలిందంటే ఒత్తిడి మితిమీరిందనే అర్థం. రోలర్ మాత్రం అంతఃపురపు వస్తువు. చింగ్ వంశకాలంలో వాడిన ‘తైపింగ్ ఛ’ అనే మర్దన రోలర్లను బీజింగ్‌లోని రాజప్రాసాద మ్యూజియంలో భద్రపరిచారు.

ప్రయోజనం విషయంలో నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2007లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, 11 మంది ఆరోగ్యవంతులకు గువా షా చేసినప్పుడు, గీరిన చోట చర్మంలోని రక్తప్రసరణ తొలి ఏడున్నర నిమిషాల్లో సుమారు నాలుగు రెట్లు పెరిగింది. అయితే అది ఒంటిపై కందు తేలేలా చేసిన మర్దన. ఆ లెక్కను ముఖంపై సుతారంగా చేసే మర్దనకు అంటగట్టకూడదు. రెండు సాధనాలతోనూ దక్కేది నిద్ర లేవగానే కనిపించే ఉబ్బు కొంత తగ్గడం, కాసేపు నిలిచే నిగారింపు. ముడతలు పోతాయని, దవడ ఎముక ఆకృతి మారుతుందని చెప్పే మాటలకు ఆధారం లేదు. రాయి చల్లగా తగలడం కూడా మహిమ కాదు. అది చర్మంలోని వేడిని లాక్కుంటుంది, ఉక్కు ఆ పనిని ఇంకా బాగా చేస్తుంది.

రోలర్ నేర్చుకోనక్కరలేనిది, కళ్ల కింద ఉబ్బుకు అది చాలు. కానీ దాని ఇరుసు దగ్గర నూనె, మురికి చేరతాయి. చవక రకాల్లో కొన్నాళ్లకే కీచుమనే చప్పుడు మొదలవుతుంది. గువా షా ఒకే ముక్క కాబట్టి సబ్బుతో కడిగితే శుభ్రపడుతుంది. పైగా పళ్లు బిగబట్టే అలవాటు వల్ల దవడ కండరాలు పట్టేసినవారికి, రోలర్ పైపైన దొర్లిపోయే చోట పలక అంచు పట్టు దొరకబుచ్చుకుంటుంది. నూనె రాయకుండా వాడితే మాత్రం చర్మం సాగి మండుతుంది. పలకను నిటారుగా కాక, చర్మంపై దాదాపు పడుకోబెట్టినట్టు వాల్చి, మెడ దగ్గర చాలా తేలికగా జరపాలి.

ఒక్కటే కొనుక్కోవాలంటే నేను గువా షా పలకనే, అదీ జేడ్ కాకుండా ఉక్కుదే ఎంచుకుంటాను. అది జారిపడినా పగలదు, రంగు వేసిన గాజును జేడ్ అని అంటగట్టే మోసానికీ తావుండదు. చీము మొటిమలున్నవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, ఇటీవలే ముఖానికి ఫిల్లర్లు (ముడతలు, గుంటలు పూడ్చే ఇంజెక్షన్లు) వేయించుకున్నవారు ఏ సాధనం జోలికైనా వెళ్లే ముందు చర్మవైద్యులను అడగాలి.