అణు పరీక్షలు ఆపాలంటే ఏది మేలు: 1963 ఒప్పందమా, సీటీబీటీయా, నోటి మాటా?

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకి అంతర్జాతీయ ఒప్పందాలు చెబుతుంటాను. సీటీబీటీ, అంటే అణు పరీక్షలన్నిటినీ నిషేధించే సమగ్ర ఒప్పందం, దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మనం ఎలాగూ మళ్లీ బాంబు పేల్చమని చెప్పేశాం కదా, మరి ఆ సంతకం పెడితే పోయేదేముంది?" బిట్ పేపర్‌లో ఈ ప్రశ్న రాదు. ఏ సంవత్సరం, ఎన్ని దేశాలు అన్నది గుర్తుంటే మార్కు పడిపోతుంది. కానీ అసలు ఆలోచించాల్సింది దీని గురించే, అందుకే నేను అనుకునేది వివరంగా రాస్తున్నా.

మొదటిది 1963 నాటి పాక్షిక నిషేధం. దీని వెనక కథ 1954 మార్చి 1న మొదలైంది. ఆ రోజు బికినీ దీవి దగ్గర అమెరికా పేల్చిన బాంబు వాళ్ల అంచనాకి రెండున్నర రెట్లు, 15 మెగాటన్నుల దాకా పోయింది. దూరంగా చేపలు పడుతున్న లక్కీ డ్రాగన్ అనే జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందికి అదేంటో తెలియదు, చేతులతోనే ఊడ్చుకున్నారు. రేడియో ఆపరేటర్ కుబోయామా సెప్టెంబరులో చనిపోయాడు. బాంబు పేలిన నెలకి, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో నిలబడి, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ పేలుళ్లు ఆపండి అన్నారు. అంత గట్టిగా ఆ మాట అన్న మొదటి దేశాల్లో మనది ఒకటి, ఇది పిల్లలకి చెప్పినప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

తొమ్మిదేళ్లు పట్టింది కానీ, ఒకసారి కూర్చున్నాక మాత్రం పని చకచకా అయిపోయింది. 1963 జులైలో మాస్కోలో చర్చలు రెండు వారాలు కూడా సాగలేదు, ఆగస్టు 5న సంతకాలు, అక్టోబరు 10 నుంచి అమలు. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు బంద్. మనమూ సంతకం పెట్టాం. పాలల్లో, పసిపిల్లల పళ్లల్లో తేలుతున్న స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది, ఇది చిన్న విషయం కాదు. కానీ భూమి లోపల పేల్చడాన్ని వదిలేశారు. ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఏడాదికి ఎన్ని తనిఖీలు ఒప్పుకోవాలన్న దగ్గర, మూడా ఏడా అని అమెరికా, సోవియట్ యూనియన్ బేరాలాడి తెగ్గొట్టుకున్నాయి. దాంతో అందరూ సొరంగాలు తవ్వడం మొదలుపెట్టారు. ప్రపంచం మొత్తం మీద జరిగిన రెండు వేలకు పైగా పరీక్షల్లో నాలుగింట మూడొంతులు భూమి లోపల జరిగినవే. పైగా చైనా, ఫ్రాన్స్ ఆ ఒప్పందంలో లేనే లేవు, చైనా 1980 దాకా పైనే పేల్చింది. 1974లో పోఖ్రాన్‌లో మనం చేసింది కూడా భూగర్భంలోనే కాబట్టి ఆ ఒప్పందం గీత దాటలేదు. జనం ఊపిరి కాపాడింది గానీ, ఆయుధ పోటీని అది ఆపలేకపోయింది.

రెండోది ఎవరికి వారు మాట ఇచ్చి ఆగడం. సోవియట్ చివరి పరీక్ష 1990లో, బ్రిటన్‌ది 1991లో, అమెరికాది 1992లో, ఫ్రాన్స్, చైనాలవి 1996లో. మనం 1998 మే 11, 13 తేదీల్లో చేశాక ఇక చేయమని వాజ్‌పేయి ప్రకటించారు. ఈ మాటలు ఇన్నాళ్లు నిలబడ్డాయంటే తీసిపారేయడానికి లేదు. ఈ శతాబ్దంలో పరీక్ష చేసింది ఉత్తర కొరియా ఒక్కటే. కాకపోతే మా మిర్చి యార్డులో నోటి మాట మీదే లక్షల సరుకు బేరం కుదిరినా, చివరికి రైతు కాటా చీటీ అడుగుతాడు, ఎందుకంటే రేపు ధర మారితే మనిషీ మారొచ్చు. 2025 అక్టోబరులో ట్రంప్ పరీక్షలు మళ్లీ మొదలుపెట్టమని చెప్పానని ప్రకటించినప్పుడు టెన్షన్ పడ్డది అందుకే. మాట ఇచ్చినవాడు దాన్ని ఒక్క పోస్టుతో వెనక్కి తీసుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇక మూడోది సీటీబీటీ, 1996. ఎక్కడా, ఎంత చిన్నదైనా పేల్చకూడదు. 187 దేశాలు సంతకం చేశాయి, అయినా ఇప్పటికీ అమల్లోకి రాలేదు. ఒప్పందంలో పేర్లు రాసిపెట్టిన 44 దేశాలూ సంతకంతో ఆగకుండా, తమ దేశంలో దాన్ని ఆమోదించాలన్నది షరతు. అమెరికా సెనేట్ 1999లో 51-48 ఓట్లతో తిప్పికొట్టింది, చైనా సంతకం దగ్గరే ఆగింది, రష్యా 2023లో తన ఆమోదం వెనక్కి తీసుకుంది, మనం, పాకిస్తాన్, ఉత్తర కొరియా అసలు సంతకమే చేయలేదు.

అమల్లోకి రాని కాగితం ఎందుకంటారా? దాని కోసం కట్టిన నిఘా వ్యవస్థ మాత్రం నిజంగా పని చేస్తోంది. మొత్తం 337 కేంద్రాల పథకం, దాదాపు అన్నీ కట్టేశారు. భూమి కంపనాలు వినేవి కొన్ని, సముద్రంలో శబ్దం వినేవి కొన్ని, మన చెవికి అందని గాలి తరంగాలు పట్టేవి కొన్ని, గాలిని వడగట్టి అందులో రేడియోధార్మికత వెతికేవి కొన్ని. 2013 ఫిబ్రవరిలో ఉత్తర కొరియా కొండ లోపల పేల్చింది. కంపనం క్షణాల్లో తెలిసింది, కానీ అది అణుబాంబేనని చెప్పడానికి గాలిలో జినాన్ అనే వాయువు, అణు పేలుడులో పుట్టే రకం, కావాలి. 55 రోజుల తర్వాత జపాన్‌లోని తకసాకి కేంద్రం దాన్ని పట్టుకుంది. జినాన్-133 ఐదు రోజుల్లో సగం అయిపోతుంది, అంటే మిగిలి వచ్చింది ఎంత పిసరంతో ఊహించుకోండి. 1963లో తనిఖీల దగ్గర చర్చలు తెగడానికి కారణమైన అనుమానానికి ఇన్నాళ్లకు దొరికిన జవాబు ఇది. 2004 డిసెంబరులో మన కృష్ణా జిల్లా తీరంలోనూ ప్రాణాలు తీసిన సునామీ తర్వాత, ఈ కేంద్రాల సమాచారం సునామీ హెచ్చరికలకీ వాడుతున్నారు.

అయితే మన అభ్యంతరం ఉత్త మొండితనం అనుకుంటే పొరపాటు. 1996లో జెనీవా చర్చల్లో మన రాయబారి అరుంధతీ ఘోష్ ఒంటరిగా నిలబడి చెప్పిన మాటల్లో న్యాయం ఉంది. వేల బాంబులు దాచుకున్నవాళ్లు వాటిని ఎప్పటికి వదులుకుంటారో ఒక గడువైనా చెప్పకుండా, కొత్తవాళ్లని మాత్రం ఆపమంటారు, తమకి కంప్యూటర్లలో, ల్యాబుల్లో మెరుగుపరుచుకునే దారి ఉంచుకుంటారు. పైగా మనం వద్దంటున్నా ఆ 44లో మన పేరు చేర్చారు. అందుకే ఐరాసలో ఓటింగ్‌కి వచ్చినప్పుడు 158 దేశాలు అవునంటే మనం, భూటాన్, లిబియా కాదన్నాం. ఇంకో వాదన మన శాస్త్రవేత్తల నుంచే వచ్చింది: 1998 నాటి హైడ్రోజన్ బాంబు అనుకున్నంత పేలలేదని కె. సంతానం 2009లో అన్నారు, అణుశక్తి విభాగం పెద్దలు కాదన్నారు. ఆ సందేహం ఉన్నంతకాలం తలుపు పూర్తిగా మూయొద్దనేవాళ్లు ఉంటారు.

2017లో బాంబునే నిషేధిస్తూ 122 దేశాలు ఆమోదించిన ఒప్పందం నా మనసుకి నచ్చినదే, కానీ బాంబు ఉన్న ఒక్క దేశమూ అందులో లేదు కాబట్టి ఈ పోలికలో దాన్ని పక్కన పెడుతున్నా.

నా ఓటు సీటీబీటీకే. 1963 ఒప్పందానికి భూమి లోపల చూపు లేదు, నోటి మాటకి సాక్షి లేడు, సీటీబీటీకి రెండూ ఉన్నాయి. పోయేదేముందని అడిగిన పిల్లాడికి నా జవాబు: పోయేది, మళ్లీ పరీక్షించుకునే అవకాశం. కానీ మనం మళ్లీ పేలిస్తే ఎక్కువ లాభపడేది, 45 పరీక్షలతోనే ఆగిన చైనా. వాళ్లకీ, పాకిస్తాన్‌కీ సాకు దొరుకుతుంది. 2008 నుంచి కష్టపడి తెచ్చుకున్న యురేనియం సరఫరా ఒప్పందాలు ఇబ్బందిలో పడతాయి. అంత ఖరీదు పెట్టి వాడుకోలేని అవకాశం కోసం సంతకాన్ని ఆపుకోవడం నాకు సబబు అనిపించదు.

అమెరికా, చైనా ఆమోదించకుండా మనం ముందు వెళ్లాలా అంటే, ఆమోదం వాళ్లతో పాటే ఇవ్వచ్చు, సంతకానికి ఆ అడ్డు లేదు. అది కూడా ఇప్పుడే కుదరదంటే, పాకిస్తాన్ ఎప్పుడో తీసుకున్నట్టు సీటీబీటీ సంస్థలో పరిశీలక హోదా తీసుకుని, ఆ కేంద్రాల సమాచారం పంచుకునే చోట మనవాళ్లని కూర్చోబెట్టొచ్చు. అందుకు బాంబు గురించి ఒక్క మాట కూడా మార్చుకోనక్కర్లేదు.