పిడుదులు తీసే కొక్కెం: మా కుక్క రాజుగాడికి రెండు నెలలు వాడాక

విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్నాను. పెద్దదీ చిన్నదీ, రెండు ప్లాస్టిక్ కొక్కేలు. ఇదివరకు అమ్మ పిడుదు మీద కిరోసిన్ చుక్క వేసేది. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. కొక్కేన్ని చర్మానికి ఆనించి, పిడుదు కిందికి జార్చి మెల్లగా తిప్పితే తలతో సహా వచ్చేస్తుంది. తీస్తున్నంతసేపూ రాజుగాడు కదలడం లేదు. చెవి మడతల్లో చిన్నదే నయం.

మొన్న మా పాప మోకాలి వెనక ఒకటి కనిపించింది. చాలా టెన్షన్ పడ్డాను. దీంతోనే తీసి, సబ్బుతో కడిగి, క్యాలెండర్‌లో తేదీ రాసుకున్నాను. కొన్ని వారాల్లోపు జ్వరమో దద్దుర్లో వస్తే డాక్టరుకి ఆ తేదీ చెప్పాలి.

నువ్వుగింజంత పిల్ల పిడుదులకు మాత్రం కొక్కెం జారిపోతోంది. వాటిని సన్నమొన పట్టకారుతో చర్మం దగ్గరే పట్టి, తిన్నగా పైకి లాగుతున్నాను.