అమ్మ బైపాప్‌తో ఐదేళ్లు: సీపాప్‌కీ దీనికీ తేడా

మాది పర్లాకిమిడి. అమ్మ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీదే వండింది. బీడీ వాసన కూడా పడని మనిషికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) ఏమిటని అడిగితే, ఆ పొగే కారణమన్నారు డాక్టరుగారు. ఐదేళ్లుగా రాత్రి బైపాప్, అంటే మాస్కు ద్వారా గాలి పంపి ఊపిరికి సాయం చేసే మిషను, పెట్టుకునే పడుకుంటోంది.

మొదట కొన్నది సీపాప్. ‘ఊపిరికి సాయం చేసేదే, పైగా చవక’ అని అమ్మినాయన చెబితే తీసేసుకున్నాం. సీపాప్ చెడ్డ మిషను కాదు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగేవాళ్లకు అది చాలా మేలు చేస్తుంది. ఒకే ఒత్తిడితో గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుంది, అంతవరకే దాని పని. అమ్మ ఇబ్బంది అది కాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది. తెల్లారేసరికి తలనొప్పి, మగత. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే కునికేది. మూడు వారాలు సీపాప్ పెట్టినా ఏమీ తగ్గలేదు. విశాఖ తీసుకెళ్తే ఏబీజీ పరీక్ష (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చూసేది) చేసి బైపాప్ రాశారు.

ఇందులో ఒత్తిళ్లు రెండు. గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. అమ్మకు 16, 6 పెట్టారు. ఆ తేడా వల్లే ఊపిరి లోతుగా ఆడుతుంది, చెడు గాలి బయటికి పోతుంది. ఈ అంకెలు అమ్మవి, మీవాళ్లకు డాక్టరే పెట్టాలి. పది రోజులు తిరక్కుండా ఒక పొద్దున్న అమ్మ తనే లేచి ముగ్గు వేసింది. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అసలు తిప్పలు మాస్కుతోనే. రాత్రి కట్టుడు పళ్లు తీసేస్తే అమ్మ బుగ్గలు లోపలికి పోతాయి. ఆ సందుల్లోంచి గాలి బుస్సుమని కళ్లలోకి కొట్టేది. బెల్టు బిగిస్తే ముక్కు మీద పుండు పడింది. చివరికి ఒక సైజు చిన్న మాస్కు తెచ్చాక లీకు తగ్గింది. మిషను ఏ కంపెనీదన్నదాని కంటే మాస్కు సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యమని నా అనుభవం. ముఖానికి పెట్టి చూడకుండా కొనకండి.

ఆక్సిజన్ కూడా కలిపి పెడతాం. ఆయాసపడుతోందని మనంతట మనం పెంచేయకూడదు. ఇలాంటివాళ్లకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలన్నారు. మరీ ఎక్కువిస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది.

ఇక కరెంటు. 2018లో తిత్లీ తుపానుకు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. అది గుర్తుండే పెద్ద ఇన్వర్టర్ పెట్టించాను. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ వేడి ఆపేస్తే బైపాప్ తెల్లారేదాకా నడుస్తుంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సన్‌ట్రేటర్ మాత్రం కరెంటు బాగా లాగుతుంది, అందుకే ఒక ఆక్సిజన్ సిలిండర్ నింపి మంచం పక్కనే ఉంచుతాం.