మొన్న రాముడు, ఇవాళ టిప్పు

'భారత్ ఏక్ ఖోజ్' సీరియల్ మా ఇంట్లోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. శ్యామ్ బెనెగల్ తీశాడని, నెహ్రూ రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' పుస్తకం ఆధారమని, 1988లో దూరదర్శన్‌లో మొదలైందని, మొత్తం 53 భాగాలని అందరికీ తెలిసిందే. వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్క సంగతి గురించే. ఇందులో మనుషులు తక్కువ, వేషాలు ఎక్కువ. నాకిది ఇంత పిచ్చిగా నచ్చడానికి కారణం అదే.

ఓం పురి అశోకుడు. కొన్ని భాగాలు పోయాక ఆయనే అల్లావుద్దీన్ ఖిల్జీ. ఇంకొన్ని పోయాక ఔరంగజేబు. గడ్డం మారుతుంది, తలపాగా మారుతుంది, ఆ మచ్చల బుగ్గలు మాత్రం అవే. పైగా వెనక నుంచి కథ చెప్పే గొంతు కూడా ఆయనదే. ఔరంగజేబు గురించి ఆ గొంతు ఏదో చెబుతుంటుంది, అంతలో తెర మీద ఔరంగజేబు నోరు తెరిస్తే అదే గొంతు. మొదటిసారి చూసినప్పుడు డబ్బుల్లేక ఉన్నవాళ్లతో సర్దుకున్నారేమో అనుకున్నాను. ఉన్నా ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం అది లేకపోతే ఈ సీరియల్ లేదనిపిస్తుంది.

మొదట కొన్నది డీవీడీల పెట్టె. అందులో అశోకుడి డిస్కు కళింగ యుద్ధం దాటి కదిలేది కాదు. తుడిచాను, బనీను గుడ్డతో రుద్దాను, పక్కింటి ప్లేయర్‌లో పెట్టి చూశాను. కొన్న షాపుకు తీసుకెళితే 'సీల్ తీసేశారు కదా సార్' అని మొహం తిప్పుకున్నాడు. దాంతో రెండేళ్లు మా ఇంట్లో అశోకుడు పశ్చాత్తాపం లేకుండానే ఉండిపోయాడు. తర్వాత యూట్యూబ్‌లో దొరికితే గానీ ఆయనకు బౌద్ధం పట్టలేదు.

అసలు కథ నాలుగేళ్ల కిందటిది. అమ్మ బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. రోజూ వచ్చే సీరియళ్లు పదిరోజుల్లోనే మొహం మొత్తాయి. 'వాళ్ల ఏడ్పు చూసుడుకంటే నా కాలు నొప్పే నయం' అంది. అప్పుడు దీన్ని పెట్టాను, రాత్రి అన్నం తిన్నాక రోజుకో భాగం. అమ్మది వరంగల్ పక్క పల్లెటూరు. హిందీ రాదు. నేను పక్కన కూర్చుని ఆపి ఆపి తెలుగులో చెప్పాలి.

వేదకాలం భాగాల్లో నాకే సగం అర్థం కాలేదు, ఇక ఆమెకేం చెప్పను. మహాభారతం దగ్గర మాత్రం లేచి కూర్చుంది. తీజన్ బాయి పండ్వానీ, అంటే భారతాన్ని పాడుతూ ఆడి చెప్పే ఛత్తీస్‌గఢ్ జానపద కళ, వస్తుంది అందులో. చేతిలో తంబూరా పట్టుకుని ఆమె ఒక్కతే భీముడవుతుంది, ఒక్కతే దుశ్శాసనుడవుతుంది, తంబూరా కాసేపు గద అవుతుంది. 'ఇది మన ఒగ్గు కథనే గదా, భాషనే వేరు' అంది అమ్మ. నేను అనువాదం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజు నా అవసరం పడలేదు.

అక్కడి నుంచి ఆమెకు ఆట దొరికింది. కొత్త రాజు రాగానే 'ఈయన పాతాయనే' అని పట్టేసేది. సలీం ఘౌస్ అని ఒక నటుడు, కృష్ణుడూ ఆయనే, రాముడూ ఆయనే. అది ఆమెకు వింతేమీ కాలేదు. రామారావుగారిని రాముడిగా, కృష్ణుడిగా, రావణుడిగా కూడా చూసినవాళ్లకు అందులో వింతేముంది! అశోకుణ్ణి ఔరంగజేబుగా చూసినప్పుడు మాత్రం కాసేపు పరికించి, 'మొన్ననే గద యుద్ధాలు మానేసిండు, మళ్ల షురూ జేసిండా' అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మొగలుల దగ్గరికి వచ్చేసరికి ఇంకో విచిత్రం. భాష ఉర్దూ వైపు తిరిగింది. హుకుం, దర్బారు, ఖిల్లా, ఫౌజు... ఇవన్నీ మా ఊరి తెలుగులో ఉన్న మాటలే. వేదాల సంస్కృత హిందీ దగ్గర బిక్కమొహం వేసిన మనిషి, అక్బరు దర్బారులో నాకే అర్థం చెప్పడం మొదలుపెట్టింది.

తర్వాత టిప్పు సుల్తాన్ వచ్చాడు. చూస్తే సలీం ఘౌస్! రాముడి మొహం, కృష్ణుడి మొహం. అమ్మ ఒక్క నిమిషంలో పోల్చుకుంది. 'రాముడు సాయబు వేషం కట్టిండు' అంది. అప్పటినుంచి ఆమె మొత్తం టిప్పు పక్షమే. ఇంగ్లీషువాళ్లు తెర మీదికి వస్తే చాలు, మంచం పట్టీ మీద వేళ్లతో టకటకా కొట్టేది. 1799లో శ్రీరంగపట్నంలో ఏం జరిగిందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. చెప్పాలా వద్దా అని నేను నసుగుతుంటే ఆమే అడిగింది.

'ఈయన్ను చంపుతరా?'

'అవునమ్మా.'

'అయితే బంద్ చెయ్యి.'

చేశాను. మర్నాడు తర్వాతి భాగం పెట్టమంది, నిన్నటి మాట ఎత్తలేదు.

ఇదే వేషాల సంగతి మా ఇంట్లోనే బెడిసికొట్టింది కూడా. మా అబ్బాయి అప్పుడు ఆరో తరగతి. పక్కన కూర్చుని చూస్తూ, ఔరంగజేబు అశోకుడి వంశంవాడని తీర్మానించుకున్నాడు. నాన్నమ్మకు ఆట అయింది వాడికి గందరగోళమైంది. పరీక్షల కోసం పిల్లలకు చూపిద్దామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. యుద్ధాలు కూడా పిల్లలకు ఆనవు. పాతికమంది సైనికులు, కాస్త దుమ్ము, ఒక గుర్రం. గురుదత్ సినిమాలకు కెమెరా పట్టిన వి.కె. మూర్తి తీశాడు కాబట్టి ఆ కొద్దిమంది మొహాలే చూస్తుండిపోతాం. గోడలు మాత్రం చాలాచోట్ల అట్టగోడలని తెలిసిపోతాయి. ఆ సెట్లు వేసిన నితీశ్ రాయ్‌కే తర్వాత మన రామోజీ ఫిల్మ్ సిటీ రూపకల్పనలోనూ చెయ్యి ఉంది. ఈసారి అటు వెళితే ఆ కంటితో చూడాలి.

అందరూ వేషాలు మారుస్తుంటే మారని మనిషి ఒక్క నెహ్రూ. అంతకుముందు 'గాంధీ' సినిమాలో నెహ్రూగా వేసిన రోషన్ సేఠే ఇక్కడా నెహ్రూ. అహ్మద్‌నగర్ కోట జైల్లో కూర్చుని రాసిన మనిషి కళ్లతో దేశం కథ చూస్తున్నాం కాబట్టి అది సబబే. మొదటి భాగంలో పల్లె జనం 'భారత్ మాతాకీ జై' అంటే 'ఎవరా తల్లి?' అని ఆయన తిరిగి అడగడం నాకు ఇప్పటికీ ఇష్టం. అయితే స్వాతంత్ర్య పోరాటం భాగాలకు వచ్చేసరికి కథ రాసిందీ ఆయనే, కథలో నాయకుడూ ఆయనే. ఆ చివరి భాగాలు మూడోసారి చూసేటప్పుడు కాస్త దూరం జరిగి చూశాను.

ఇక నా పాత కోపం. అమ్మ వారానికోసారైనా అడిగేది, 'మన రుద్రమ్మ ఎప్పుడొస్తది బిడ్డా?' అని. రాదు. కాకతీయులకు విడిగా ఒక్క భాగం లేదు, శాతవాహనులకూ లేదు. తమిళ కావ్యం సిలప్పదికారానికి రెండు భాగాలున్నాయి, చోళులకు రెండున్నాయి. విజయనగరం వచ్చింది గానీ పతనమవడానికి వచ్చింది. రాయలవారి ఊరి మనుషులు హిందీ మాట్లాడుతుంటే అమ్మ నా వైపు తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేను. తీసింది ఎవరో పరాయివాడైతే ఊరుకునేవాణ్ణి. బెనెగల్ మన హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివినవాడు. 'అంకుర్', 'నిశాంత్' తెలంగాణ పల్లె కథలు. ఖోజ్‌కు ముందు ఏడాది 'సుస్మన్'లో ఇదే ఓం పురి పోచంపల్లి నేతగాడు. అంత తెలిసినవాడు ఓరుగల్లును ఎలా దాటేసి పోయాడని నా బాధ. పుస్తకంలో ఉన్నదాన్ని బట్టే తీశాడని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

చూడమంటారా అంటే, ఇంట్లో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ఒక్కణ్ణే కూర్చుని చూసిన మొదటిసారి, మొదట్లో వచ్చే 'నాసదీయ సూక్తం' (ఋగ్వేదంలోని సృష్టి సూక్తం) పాట కాగానే నిద్రపోయిన రాత్రులున్నాయి. వనరాజ్ భాటియా ఆ పాట కట్టిన తీరుకు ఒళ్లు జలదరించే మాట నిజమే, కానీ ఆ తర్వాత యాభై నిమిషాలు మెల్లగా నడుస్తుంది. నాకైతే పక్కన అమ్మ ఉండి, ఆమె కాలికి కట్టు ఉండి, రాత్రిళ్లు వేరే పనిలేక ఇది కుదిరింది. అలాంటి తీరిక మీకుందో లేదో నాకు తెలియదు.

అమ్మ ఇప్పుడు మామూలుగా నడుస్తోంది. పోయిన సంక్రాంతికి మళ్లీ మొదటినుంచి పెట్టమంది. పెట్టాను. టిప్పు దగ్గరికి రాగానే వంటింట్లో ఏదో పని గుర్తొచ్చిందని లేచి వెళ్లిపోయింది.