జాగ్రత్త: కోరలు చూసి కొనేయకండి, ముందు తోక చూడండి

"చరిత్రపూర్వ క్షీరదాలు, కలెక్టర్ ఎడిషన్, 1:20 స్కేలు, శాస్త్రీయంగా నూటికి నూరుపాళ్లు కచ్చితం" అని రాసి అమ్ముతున్న పన్నెండు బొమ్మల సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తిరుగుతోంది. దయచేసి కొనకండి. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసిన వాళ్లు పెట్టె విప్పేటప్పుడు తప్పకుండా వీడియో తీసుకోండి, తర్వాత అవసరం పడుతుంది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు ఇప్పటికే పేరు మార్చేశారు, రాసినా లాభం లేదు. సరుకుని గుర్తుపట్టడం తెలిస్తే ఏ పేరుతో వచ్చినా దొరికిపోతారు.

ముందు స్మైలోడాన్ సంగతి. కత్తుల్లాంటి పైకోరలున్న, అంతరించిపోయిన పిల్లిజాతి జంతువు అది. ఈ సెట్ అమ్ముడుపోయేదే దాని మొహం చూసి. ప్రకటనలో ఫోటో అదిరిపోయింది. పెట్టెలోంచి బయటికి తీస్తే నారింజ రంగు మీద నల్లచారలు, నేలకు తగిలే పొడుగాటి తోక. ఏ బొమ్మల కొట్లోనైనా దొరికే పెద్దపులి! పై పెదవి కింద రెండు తెల్ల ప్లాస్టిక్ పుల్లలు జిగురుతో అంటించారు. ఆ జిగురు గడ్డం దాకా కారి, పచ్చగా ఎండిపోయి ఉంది. నోట్లోకి ఫోన్ లైటు వేసి చూస్తే పుల్లల వెనకాలే పులి అచ్చులో వచ్చిన అసలు కోరలు భద్రంగా ఉన్నాయి. అంటే ఒక్క పైదవడకే నాలుగు కోరలు.

అసలు స్మైలోడాన్‌కి తోక పొట్టిది. భుజాలు, ముందుకాళ్లు మల్లయోధుడికి ఉన్నట్టు బలిసి ఉంటాయి. లాస్ ఏంజలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో దీని ఎముకలు కుప్పలుగా దొరికాయి కాబట్టి ఒడ్డూపొడుగూ విషయంలో ఊహాగానాలకు పెద్దగా చోటు లేదు. దక్షిణ అమెరికాలో బతికిన స్మైలోడాన్ పాపులేటర్ పైకోర వేరుతో కలిపి సుమారు 28 సెంటీమీటర్లు ఉండేది. ఒంటి రంగు మాత్రం ఎముకలు చెప్పవు. మచ్చలు వేసినా, సాదాగా వదిలేసినా అది బొమ్మ చేసినవాళ్ల ఇష్టం, నేను తప్పుపట్టను. కానీ తోక పొడుగ్గా ఉందంటే అది స్మైలోడాన్ కాదు, అంతే. ఈ ఒక్క గుర్తుతో నకిలీల్లో సగం బయటపడతాయి.

తర్వాత మామత్, మాస్టొడాన్. రెండూ అంతరించిపోయిన ఏనుగు చుట్టాలే. ఇందులో ఇంకా పెద్ద కక్కుర్తి. సెట్‌లో "మామత్", "మాస్టొడాన్" అని రెండు చీటీలు ఉన్నాయి, అచ్చు మాత్రం ఒక్కటే. ఒకదానికి ముదురు గోధుమ రంగు, రెండోదానికి లేత గోధుమ రంగు పూశారు. రెండిటికీ చెవులు ఆఫ్రికా ఏనుగు చెవులంత ఉన్నాయి, నడుము దగ్గర వీపు గుంట పడి ఉంది. బొచ్చు అంటూ చెక్కినది లేదు, చర్మం ముడతల మీద బ్రష్షుతో గీతలు లాగారు. చలి ప్రాంతపు జంతువు కాబట్టి బొచ్చు మామత్‌కి చెవులు చిన్నవి, తోకా చిన్నదే. తల గోపురంలా పైకి లేచి ఉంటుంది, భుజాల దగ్గర ఎత్తుగా ఉన్న వీపు వెనక్కి జారుతుంది. ఇవన్నీ ఎవరో అనుకున్నవి కావు. మంచులో గడ్డకట్టిన కళేబరాలు దొరికాయి. 2007లో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో దొరికిన ల్యూబా అనే పిల్ల మామత్‌కి తొండం, చర్మం కూడా చెడకుండా ఉన్నాయి. ఇంత తెలిసిన జంతువుని కూడా తప్పుగా చేస్తే బద్ధకం అనుకోవాలా, మోసం అనుకోవాలా? మాస్టొడాన్ అయితే మామత్ కన్నా పొట్టి, దిట్టం. తల బల్లపరుపుగా ఉంటుంది, వీపు అంతగా జారదు, దంతాలు అన్ని మెలికలు తిరగవు. పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పగలగాలి. ఈ సెట్‌లో చీటీలు పోతే నేనే చెప్పలేను.

బొచ్చు ఖడ్గమృగానిదీ ఇదే కథ. దాని ముందు కొమ్ము పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా, కత్తి ఆకారంలో ఉండాలి. ఇక్కడున్నది గుండ్రటి కొమ్ములున్న ఇప్పటి ఖడ్గమృగం, ఒంటికి గోధుమ రంగు.

ఇక స్కేలు. 1:20 అని, అంటే అసలు జంతువులో ఇరవయ్యో వంతని, పెట్టె మీద పెద్దక్షరాలతో వేశారు కదా, స్కేలుబద్ద తీసుకుని కొలిచాను. స్మైలోడాన్ అనబడే పులి భుజం దగ్గర 9 సెంటీమీటర్లుంది. ఇరవైతో గుణిస్తే 180. మనిషంత ఎత్తు పిల్లి! నిజానికి స్మైలోడాన్ ఫాటాలిస్ అనే రకం భుజం ఎత్తు మీటరుకి అటూ ఇటూ, కాబట్టి బొమ్మ 5 సెంటీమీటర్లుంటే సరిపోవాలి. అదే పెట్టెలో పారాసెరాథీరియం 11 సెంటీమీటర్లుంది. నేలమీద నడిచిన అతిపెద్ద క్షీరదాల్లో ఒకటది. కొమ్ముల్లేని ఖడ్గమృగజాతి, భుజం దగ్గరే దాదాపు 4.8 మీటర్లు. 1:20లో 24 సెంటీమీటర్లు రావాలి. వీళ్ల లెక్క ప్రకారం అది 2.2 మీటర్లే, ఇప్పటి మగ ఏనుగు పక్కన నిలబెడితే చిన్నబోతుంది. పెట్టెలో పట్టాలని అన్నిటినీ ఒకే సైజుకి కుదించారు, అదీ అసలు సంగతి. చాలా మంచి కంపెనీలు కూడా స్కేలు పాటించవు, అరచేతిలో పట్టే సైజులో చేసి ఊరుకుంటాయి. అందులో తప్పేం లేదు, స్కేలు అని పెట్టె మీద రాయరు కాబట్టి. రాసి అమ్మితేనే నాకు మండుతుంది.

ఈ సెట్‌ని ముందేసుకుని కూర్చుంటే ఒకటి అర్థమైంది. ఇప్పటి జంతువుల్ని పోలిన వాటి దగ్గరే మోసం ఎక్కువ. పులి అచ్చుంటే స్మైలోడాన్, ఏనుగు అచ్చుంటే మామత్, తోడేలు అచ్చుంటే డైర్ ఉల్ఫ్ (తోడేలు లాంటి అంతరించిన జంతువు). కొత్తగా చెక్కించే ఖర్చే ఉండదు. కాబట్టి సేకరణ మొదలుపెట్టే వాళ్లకి నా సలహా, ఈనాడు పోలికే లేని జంతువులతో మొదలుపెట్టండి. వాటిని చేయాలంటే కచ్చితంగా కొత్త అచ్చు కావాలి.

ఉదాహరణకి మెగాథీరియం. ఏనుగంత బరువున్న నేలమీది స్లాత్ (ఇప్పటి స్లాత్ అంటే చెట్లకి వేలాడుతూ మెల్లగా కదిలే జంతువు). అర్జెంటీనాలోని లుహాన్ నది దగ్గర దొరికిన దీని అస్థిపంజరం 1788లో మాడ్రిడ్ చేరింది. అది స్లాత్ బంధువని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1796లో తేల్చాడు. బొమ్మగా దీనికి ఇంకో సుగుణం ఉంది. వెనక కాళ్ల మీద లేచి, లావాటి తోకని నేలకి ఆనించి నిలబడే భంగిమలో చేస్తారు కాబట్టి మూడు ఆధారాలుంటాయి, అరలో పడిపోదు. నా దగ్గరున్న బొమ్మలన్నిట్లోకీ ఇంతవరకు ఒక్కసారి కూడా తూలనిది ఇదే. ఆర్సినోయిథీరియం కూడా అంతే. ఈజిప్టులోని ఫాయూమ్‌లో దొరికిన ఈ జంతువుకి ముక్కు మీద రెండు భారీ కొమ్ములు పక్కపక్కనే ఉంటాయి, ఖడ్గమృగానికిలా ఒకదాని వెనక ఒకటి కాదు. అచ్చు అరువు తెచ్చుకునే వీలే లేదు. జిరాఫీ బంధువైన శివాథీరియం, గుర్రం లాంటి తలతో గోళ్ల కాళ్లతో ఉండే చాలికోథీర్లు కూడా ఈ కోవలోవే. శివాలిక్ కొండల్లో దొరికి 1836లోనే పేరు పెట్టించుకున్న శివాథీరియానికి ఇంకా మంచి బొమ్మలు రావాలని నా కోరిక. అది ఈ పోస్టుకి సంబంధం లేని గొడవ అనుకోండి.

తాబేలుకిలా ఒంటిమీద డిప్ప ఉండే గ్లిప్టోడాన్ జాతి దగ్గర కాస్త కళ్లు తెరుచుకుని ఉండండి. గ్లిప్టోడాన్ డిప్ప వెయ్యికి పైగా ఎముక పలకలతో ఏర్పడింది. మంచి బొమ్మలో ఆ పలకల పువ్వుల్లాంటి నగిషీ గోటితో తడిమితే తెలుస్తుంది. నాకొచ్చిన దాని డిప్ప నున్నగా ఉంది, పలకల గీతలు స్కెచ్ పెన్నుతో గీసినవి. తడిగుడ్డ పెట్టి తుడిస్తే సగం పోయాయి. పైగా చీటీ మీద "డీడిక్యూరస్" అని ఉంది. అదీ ఈ జాతిదే, కానీ డీడిక్యూరస్ అంటే తోక చివర గద ఉండాలి. ఇక్కడ గద లేదు, తాబేలు తోకంత ముక్క ఉంది.

సెట్‌లో డైమెట్రోడాన్ కూడా ఉంది! వీపు మీద తెరచాపతో దాదాపు 29 కోట్ల ఏళ్ల కిందటి జంతువది. డైనోసార్లకన్నా క్షీరదాలకే దగ్గర చుట్టమన్నది నిజం, కానీ క్షీరదం కాదు. ఇదేంటని అడిగితే "డైనోసార్ కాదు కాబట్టి క్షీరదమే సార్" అని జవాబిచ్చారు. ఆండ్రూసార్కస్ అనే ఇంకో అంతరించిన క్షీరదం చీటీ మీదేమో "పూర్తి అస్థిపంజరం ఆధారంగా" అని రాశారు. 1923లో మంగోలియాలో దొరికిన ఒక్క పుర్రె తప్ప, అదీ కింది దవడ లేకుండా, దాని ఒంటి గురించి మనకేమీ తెలియదు. పుర్రె 83 సెంటీమీటర్లు కాబట్టి ఆ జంతువు బొమ్మ చూడటానికి భలే ఉంటుంది, నా దగ్గర వేరే కంపెనీది ఒకటి ఉంది. కానీ మెడ నుంచి వెనక్కి ఉన్నదంతా ఊహ. కచ్చితం అన్న మాట ఆ బొమ్మ పక్కన ఎవరు రాసినా నమ్మకండి.

పిల్లలున్న ఇళ్లవాళ్లకి ఇంకో మాట. స్మైలోడాన్ కోరల్లో ఒకటి చేత్తో తాకగానే ఊడొచ్చింది. గొంతులో ఇరుక్కునే సైజు. పెట్టె మీద ఏ వయసు వారికో రాయలేదు. ప్లాస్టిక్ ఘాటు వాసన ఎన్నాళ్లు గాలికి పెట్టినా పోలేదు, కొత్తగా ఉన్నప్పుడే ఒళ్లంతా జిడ్డుగా ఉంది. కాళ్లు వంకరపోవడం మాత్రం పెద్ద లోపం కాదు, ఏ కంపెనీ మెత్తటి పీవీసీకైనా జరుగుతుంది. వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే నిలుస్తాయి.

కొనేముందు అమ్మేవాళ్లని పొట్ట కింది ఫోటో అడగండి. సఫారి, కలెక్టా, పాపో, ష్లైక్ లాంటి కంపెనీల బొమ్మలకి సాధారణంగా పొట్ట కిందో పాదాల కిందో పేరు అచ్చులోనే వస్తుంది. ఆ చోట గీకినట్టుందా, అక్షరాలు కరిగిపోయినట్టున్నాయా, అది అసలు బొమ్మ నుంచి తీసిన దొంగ అచ్చు అయ్యుండొచ్చు. అలాంటి నకళ్లు అసలు కంటే కాస్త చిన్నగా, చెక్కడం మొద్దుబారి ఉంటాయి. పక్కన స్కేలుబద్ద పెట్టి, ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి ఫోటో పంపమనండి. నాకు అమ్మినవాళ్ల ప్రకటనలో ఉన్న స్మైలోడాన్ ఫోటో వేరే కంపెనీ బొమ్మది. ఫోటోతో వెతికితే రెండు నిమిషాల్లో తేలింది. నిజాయితీగా అమ్మేవాళ్లకి పొట్ట ఫోటో పంపడానికి ఇబ్బందేముంటుంది? వీళ్లని అడిగితే మాత్రం "బొమ్మలే కదా సార్, ఇంత పరిశోధనా?" అన్నారు. తిరిగి పంపుతానంటే సగం డబ్బు ఇస్తామన్నారు, అది కూడా రివ్యూ తీసేస్తేనే. నేను తీయలేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఇంతలో ప్రకటన మాయమై, ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. ఈసారి "మంచుయుగం జంతువుల సెట్" అంటున్నారు. ఫోటోల్ని కుడిఎడమలు తిప్పి పెట్టారు, డైమెట్రోడాన్‌ని తీసేశారు. పారాసెరాథీరియాన్ని మాత్రం తీయడం మర్చిపోయారు. మంచుయుగం మొదలైంది సుమారు 26 లక్షల ఏళ్ల కిందట. పారాసెరాథీరియం అంతకు 2 కోట్ల ఏళ్ల ముందే అంతరించింది. మంచుయుగం పెట్టెలో అది కనిపించిందంటే ఇదే సెట్ అని అనుమానించి, పొట్ట ఫోటో అడగండి.