వెరాక్రూజ్ హార్ప్, మిచోవాకాన్ హార్ప్: కాపాడవలసిన రెండు సంప్రదాయాలు

మెక్సికో జానపద సంగీతాన్ని నిలబెట్టాలనుకునే హార్ప్ (చట్రంలో బిగించిన తీగలను వేళ్లతో మీటే వాద్యం) కళాకారుల ముందు ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. వెరాక్రూజ్ రాష్ట్ర తీరపు 'సోన్ హరోచో' సంగీత శైలిలో హార్ప్ వేగంగా రాగాన్ని నడిపిస్తుంటే, హరానా అనే చిన్న తంత్రీవాద్యం లయను అందిస్తుంది. పూర్వం అక్కడ కూర్చొని వాయించే చిన్న హార్ప్ ఉండేది. నిలబడి వాయించే పొడవాటి హార్ప్‌ను హార్ప్ కళాకారుడు ఆంద్రేస్ వెస్కా సినిమాల ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. కనుక నేడు ప్రాచీనమనిపించే రూపం కొంతవరకు 20వ శతాబ్దపు మార్పే. వెరాక్రూజ్ రేవు పట్టణంలో హార్ప్ వాయించిన గ్రాసియానా సిల్వా వంటివారి రికార్డింగులతో ఈ శైలి విదేశీ శ్రోతలకూ చేరింది.

మిచోవాకాన్ రాష్ట్రంలోని తియెర్రా కాలియెంతే ప్రాంతపు 'ఆర్పా గ్రాందే' (పెద్ద హార్ప్) శైలిలో వయొలిన్లు రాగాన్ని పలికిస్తుండగా హార్ప్ మంద్రస్వరాలను మోస్తుంది. ఒకరు తీగలు మీటుతుంటే, మరొకరు అదే వాద్యపు చెక్క పెట్టెపై అరచేతులతో దరువు వేస్తారు. ఒకే వాద్యం ఇద్దరి చేతుల్లో తంత్రీవాద్యమూ తాళవాద్యమూ కావడం నాకు అపురూపంగా తోస్తుంది.



పరిరక్షణకు ఒకదాన్నే ఎంచుకోవలసి వస్తే నేను ఆర్పా గ్రాందేనే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ దరువును రికార్డింగు విని ఒంటరిగా సాధించలేము. పక్కన మరో మనిషి ఉండి తీరాలి.