ఆస్తమా ఉన్న పిల్లలకు బడిలో వాల్వ్ స్పేసర్: ఎంతవరకు పనికొస్తుంది?

కోఠి సర్జికల్ షాపులదాకా వెళ్లక్కర్లేదు, సందు చివర మెడికల్ షాపులోనూ ఇప్పుడు స్పేసర్, అంటే ఇన్హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం, దొరుకుతోంది. ఇక్కడ చూస్తున్నది రెండు ముక్కలుగా ఊడివచ్చే, నోటి దగ్గర వాల్వ్ ఉన్న పారదర్శక ప్లాస్టిక్ రకం. ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఒక మార్కు ఎందుకు పోయిందో కింద ఉంది.

ఇన్హేలర్ నొక్కడం, మందు పీల్చడం ఒకే క్షణంలో జరగాల్సిన పని లేకపోవడమే దీని గొప్ప. ఆయాసపడుతున్న రెండో తరగతి పిల్లాడికి ఆ రెండూ కలవవు. నేరుగా నోట్లో కొడితే మందు చాలావరకు నాలుకకీ గొంతుకీ అంటుకుపోతుంది. పైగా వాల్వ్ కదలడం టీచర్‌కు కనిపిస్తుంది. కదలట్లేదంటే పిల్లాడు ముక్కుతో పీలుస్తున్నాడనో, పెదాలు సరిగా బిగించలేదనో అర్థం. నర్సు లేని బడిలో ఈ ఒక్క సౌకర్యానికే డబ్బులు పెట్టొచ్చు.

బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. ఇన్హేలర్‌ను బాగా ఊపి స్పేసర్‌కు తగిలించి, ఒక్క పఫ్ నొక్కి, నోటితో ఐదారుసార్లు నెమ్మదిగా పీల్చి వదలమనాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో పఫ్. కంగారులో రెండు మూడు పఫ్‌లు వరసగా కొట్టేస్తుంటారు. అప్పుడు తుంపర్లు ఒకదానికొకటి అతుక్కుని గోడలకు పట్టేస్తాయి, ఊపిరితిత్తులకు చేరేది తగ్గిపోతుంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు మాస్క్ కూడా కావాలి. అది చెంపలకు సందు లేకుండా ఆనాలి.

మార్కు పోయింది కడిగే దగ్గర. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి నానబెట్టి, గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్ పుట్టి మందును గోడలే లాగేసుకుంటాయి. బడిలో ఈ పని ఆయమ్మ మీద పడుతుంది, తుడవొద్దని ఆమెకు ఎవరూ చెప్పరు. డబ్బా మీద రాసి ఉన్నది ఇంగ్లీషులో, అదీ చీమతలంత అక్షరాల్లో. వాల్వ్ బిగుసుకున్నా, చీలినా మార్చేయాలి. ఒకరి స్పేసర్ ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇన్హేలర్ సంగతి వేరు. బడిలో ఉండాల్సింది ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ లాంటిదే. రోజూ వాడే స్టెరాయిడ్ది మామూలుగా ఇంట్లో ఉదయం, సాయంత్రం సరిపోతుంది. రంగు చూసి కాదు, పేరు చదివి ఇవ్వాలి. పిల్లాడి పేరు, తరగతి, ఎన్ని పఫ్‌లు, ఎప్పుడు అన్నది డాక్టర్ సంతకంతో కాగితం మీద ఉండాలి. సాల్బుటమాల్ డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లుంటాయి. కౌంటర్ లేని రకమైతే తేదీ, టైము, పఫ్‌ల లెక్క రిజిస్టర్‌లో రాయడం తప్ప దారి లేదు; నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పద్ధతి నమ్మదగ్గది కాదు. మిగతా మందులు తాళం వేసిన బీరువాలో ఉండాల్సిందే. ఇది మాత్రం ప్రిన్సిపాల్ గదిలో తాళం వెనక ఉంటే దండగ, పిల్లాడున్న చోటే ఉండాలి. ఎండలో నిలిపిన స్కూలు బస్సులో మాత్రం వదలకూడదు.

జూన్‌లో బడులు తెరిచే రోజులకే మృగశిర కార్తె వస్తుంది. నాంపల్లిలో చేప ప్రసాదం తీసుకున్నాడని ఇన్హేలర్ పంపడం మానేసే ఇళ్లున్నాయి. ఆ పిల్లలనూ రిజిస్టర్‌లో ఉంచండి.

కాగితంలో రాసినన్ని పఫ్‌లు ఇచ్చినా మాట పూర్తిచేయలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలమవుతున్నా 108కి ఫోన్ చేసి, తర్వాతే తల్లిదండ్రులకు చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా స్పేసర్‌తో ఒక్కో పఫ్ ఇస్తూనే ఉండాలి.